నీళ్లు తాగేంతసేపు

ఇనాయతుల్లాకు ధ్యానం కుదరడం మానేసి చాలాకాలమైంది.

నవాబుల రోజుల్లో, పెన్న ఒడ్డునున్న ఒక పట్నానికి అతను కాలువల దరోగా. ఊరికి ఎగువన పెద్ద చెరువు ఉండేది. దానినుంచి దిగే కాలువలన్నీ అతని అజమాయిషీలోనే నడిచేవి. ఏ పొలానికి ఏ పూట నీళ్లు వదలాలి, ఎవరి వంతు ఎప్పుడు, తూము ఎవరు మూశారు, గట్టు ఎవరు తెంచారు, అన్నీ అతనే చూడాలి. తగవు వస్తే అతనే తేల్చాలి. అతను తేల్చిందే తీర్పు.

పెళ్లికి ముందే అతను జలీల్ షా దగ్గర ఉపదేశం పొందాడు. జలీల్ షా పట్నానికి ఒక రోజు నడక దూరంలో, చెట్టూ చేమా లేని గుట్ట మీద, రాతిగదిలో ఉండేవాడు. శిష్యులు ఆయన్ని హజ్రత్ అనేవాళ్లు. చుట్టుపక్కల రైతులు పీరుసామి అనేవాళ్లు. తెల్లవారుజామున లేచి, కదలకుండా కూర్చుని, శ్వాసతోపాటు దేవుడి పేరు లోపలికీ బయటికీ నడవనివ్వడం ఆయన నేర్పిన ధ్యానం. ఇనాయతుల్లా దాన్ని ఏళ్ల తరబడి శ్రద్ధగా చేశాడు. ఆ కాసేపటి నెమ్మది రోజంతా అతన్ని అంటిపెట్టుకుని ఉండేది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. శివరాత్రి దాటేసరికి చెరువులో నీళ్లు అడుక్కి చేరాయి. వరిపైరు పొట్ట మీద ఉంది. ఇప్పుడు ఒక్క తడి తప్పితే పండేది తాలు. దాంతో తెల్లారకముందే జనం దరోగా ఇంటిముందు చేరేవారు. ఒకరు వెళ్తే ఇంకొకరు. అందరిదీ ఒకే గోల, అందరికీ ముందు తన పొలమే తడవాలి.

అయినా ఇనాయతుల్లా ధ్యానం వదులుకోవాలనుకోలేదు. ఇంకా ముందు లేచాడు. వెనకగదిలో తలుపు బిగించుకుని కూర్చున్నాడు. కూర్చుంటే లోపల కాలువలు పారేవి. ఎవరి వంతు ఎవరికి ఇచ్చాడో, ఎవరికి ఎగ్గొట్టాడో, అవే లెక్కలు. బయట చిన్న అలికిడి అయినా ఒళ్లు మండేది. అతను గదిలో ఉన్నంతసేపూ ఇంట్లోవాళ్లు మునివేళ్ల మీద నడిచేవారు. ఒకరోజు వంటింట్లో గిన్నె జారిపడింది. అతను తలుపు తోసుకుని వచ్చి, ఈ ఇంట్లో కాసేపు దేవుణ్ణి తలుచుకునే రాత కూడా లేదా అని అరిచాడు.

అతని భార్య రుకియాబీ గిన్నె తీసి పక్కన పెట్టింది. "మీరు కళ్లు మూసుకుని కూర్చున్నప్పటికంటే, బయటికి వెళ్లినప్పుడే ఈ ఇల్లు నెమ్మదిగా ఉంటోంది" అంది.

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. మర్నాడే పని కింది ఉద్యోగికి అప్పజెప్పి గుట్టకు బయలుదేరాడు.

జలీల్ షా తన గది ముందు నీడలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతున్నాడు. ఇనాయతుల్లా ఆయన పాదాలు తాకి, ఎదురుగా కూర్చుని, మనసులో ఉన్నదంతా చెప్పుకున్నాడు. పొద్దున లేస్తే జనం, పడుకునేదాకా జనం. అన్నం తింటుంటే కూడా గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. కోపం ముక్కుమీదే ఉంటోంది. నిద్రలో పళ్లు కొరుకుతున్నానని భార్య చెప్పింది. కూర్చుంటే మనసు నిలవడం లేదు, నిలిచేదాకా కూర్చుందామంటే తీరిక లేదు. దరోగా పని వదిలేసి కొన్నాళ్లు ఇక్కడే, ఈ గుట్టమీద, మీ దగ్గర ఉండిపోతానన్నాడు.

జలీల్ షా వింటూనే పప్పులోంచి మట్టిబెడ్డలు ఏరి పారేస్తున్నాడు.

"అక్కడ నీళ్లెవరు చూస్తారు?" అని అడిగాడు చివరికి.

ఎవరో ఒకరు వస్తారు లెమ్మన్నాడు ఇనాయతుల్లా.

గురువు చేట పట్టుకుని లేచాడు. పప్పు పొయ్యిమీద పెట్టాడు. ఇద్దరూ తిన్నారు. ఇనాయతుల్లా అంత ప్రశాంతంగా అన్నం తిని ఎన్నాళ్లయిందో. తనను ఉండమన్నట్టే అనుకుని, గది మూల చాప పరుచుకుని హాయిగా పడుకున్నాడు.

తెల్లారి లేచేసరికి జలీల్ షా కంబళి భుజాన వేసుకుని, చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పద. మీ ఊరు చూసి చాలాకాలమైంది."

దారి పొడుగునా ఇనాయతుల్లా ఏదో ఒకటి అడగబోవడం, గురువు నడక చూసి ఊరుకోవడం. ముసలాయన ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తొందరపడలేదు. ఇంటికి వస్తున్నాడంటే ఏదో కొత్త సాధన నేర్పుతాడు, తీరిక లేనివాళ్లకు పనికొచ్చే చిట్కా ఏదో ఆయన దగ్గర ఉండే ఉంటుంది అని శిష్యుడు సంబరపడ్డాడు.

మర్నాడు ఉదయం గురువు అలాంటిదేమీ చెప్పలేదు. రుకియాబీని అడిగి ఒక కుండ, ఒక లోటా తెప్పించుకున్నాడు. జనం వచ్చి నిలబడే వసారాలో, దరోగా కూర్చునే చాపకు కాస్త ఎడంగా కుండ పెట్టించి, దాని పక్కన కంబళి మడిచి వేసుకుని కూర్చున్నాడు.

మొదటి రైతు మెట్లెక్కుతూనే మొదలుపెట్టాడు, తన వంతు నీళ్లు పైవాడు మళ్లించుకున్నాడని. జలీల్ షా లోటా ముంచి అతని ముందు పెట్టాడు.

"ముందు ఇవి తాగు నాయనా. తాగాక చెబుదువు."

పీరుసామి అంతటివాడు నీళ్లందిస్తుంటే కాదనేదెవరు? రైతు మాట ఆపి లోటా అందుకున్నాడు. అతను తాగుతున్నంతసేపూ వసారాలో ఎవరూ మాట్లాడలేదు. తాగి, మూతి తుడుచుకుని, లోటా కింద పెట్టాడు. అప్పుడు చెప్పాడు.

రెండోవాడికీ అంతే. మూడోవాడికీ అంతే. ఎవరు వచ్చినా ముందు నీళ్లు, తర్వాత మాట. ముసలాయన చేతులు వణికేవి. లోటా నింపడానికే ఆయనకు చాలాసేపు పట్టేది. సగం నీళ్లు ఒలికిపోతే మళ్లీ ముంచేవాడు.

ఇనాయతుల్లాకు ప్రాణం విసిగిపోయింది. బయట అంతమంది నిలబడి ఉన్నారు. లోపల ఒక్కొక్కడూ గుటకలు వేస్తుంటే తను గోడ చూస్తూ కూర్చోవాలి. ఊరికే కూర్చోలేక, వచ్చినవాడు తాగుతుండగా కిందిమనిషిని పిలిచి పనులు పురమాయించబోయాడు.

"ఇనాయత్" అన్నాడు గురువు మెల్లగా. "ఆయన నీళ్లు తాగుతున్నాడు."

దరోగా నోరు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం అతను గురువు దగ్గర కాస్త గట్టిగానే మాట్లాడాడు. ఇలాగైతే పని సాగదు, ఇవాళ కొందరు మాట్లాడే వంతు రాక వెనక్కి వెళ్లిపోయారు, రేపు ఇంకా ఎక్కువమంది వస్తారు అన్నాడు. ఇంతకీ నా ధ్యానం సంగతి ఏం చేశారని కూడా అడిగాడు. వెళ్లిపోయినవాళ్ల మాటకు జలీల్ షా అవునన్నట్టు తలూపాడు. ఉదయం కుండ మళ్లీ వసారాలోకి వచ్చింది.

చిన్నపరెడ్డి అని దిగువ కాలువ మీద పెద్ద రైతు. ఆయన వచ్చినప్పుడు చిన్న చిక్కు వచ్చిపడింది. పీరుసామి అంటే ఆయనకు భక్తే. ఏటా గుట్టకు వెళ్లి చదివింపులు ఇచ్చి వచ్చేవాడు. అయినా సాయిబుల ఇంటి లోటాతో నీళ్లు తాగడానికి మనసొప్పలేదు. లోటా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. జలీల్ షా బలవంతం చేయలేదు. ఆయన తాగనూ లేక, కింద పెట్టనూ లేక తంటాలు పడుతున్నంతసేపూ ఓపిగ్గా చూశాడు. తర్వాతిసారి రెడ్డి పంచె మొలలో సొంత చెంబు దోపుకుని వచ్చాడు. గురువు ఆ చెంబులోనే నీళ్లు పోశాడు.

రోజులు అలా గడుస్తుండగా, చేసేదేమీ లేక ఇనాయతుల్లా వచ్చినవాళ్లు తాగడం చూడసాగాడు. కొందరు గటగటా తాగేవారు. కొందరు సగం తాగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ తాగేవారు. ఒక ముసలమ్మ కళ్లు మూసుకుని తాగింది. అరుస్తూ వచ్చినవాడి గొంతు తాగాక కాస్త దిగేది. వాళ్లు ఊపిరి తీసుకుంటుంటే తన ఊపిరి కూడా ఒక్కోసారి అతనికి తెలిసివచ్చేది. మరుక్షణంలో అదీ పోయేది. దాన్ని అతను పెద్దగా పట్టించుకోలేదు.

ఒకరోజు పొద్దెక్కకముందే వసారా ముందు పెద్ద గలాటా వినబడింది.

దిగువ కాలువ గట్టుకు తెల్లవారుజామున గండి పడింది. దరోగాకు ఆ కబురు అప్పటికే అందింది. కిందనున్న పొలాలన్నిటికీ ఆ పూట పారాల్సిన నీళ్లు పక్కకు పోయాయి. గండి దగ్గర మోకాళ్లదాకా బురదతో ఒకడు దొరికాడని, వాణ్ణి పట్టుకొస్తున్నారని కూడా చెప్పారు. వాడి పేరు ఓబన్న. గండికి సరిగ్గా కిందనే వాడి మడిచెక్క ఉంది. ఇక చెప్పేదేముంది? నీళ్ల కరువు రోజుల్లో గట్టు తెంచడం కంటే పెద్ద నేరం లేదు. ఈ పంటకాలమంతా ఓబన్నకు నీటివంతు తీసెయ్యాలని ఇనాయతుల్లా మనసులో తేల్చేసుకున్నాడు. వంతు పోతే వాడి పైరు నిలువునా ఎండుతుంది. ఎండాల్సిందే. మిగతావాళ్లకు బుద్ధి వస్తుంది. మాట నాలుక చివర ఉంది. చెప్పి పంపెయ్యడమే మిగిలింది.

చిన్నపరెడ్డి మనుషులు ఓబన్నను మెట్లెక్కించారు. బక్కపలచటి మనిషి. తలపాగా గుడ్డతోనే చేతులు వెనక్కి విరిచి కట్టారు. వెనక రెడ్డి కూడా ఉన్నాడు. ఆయన పొలాలు కూడా ఆ కాలువ కిందవే. ముఖం కందగడ్డలా ఉంది.

"మీరు చెప్పకముందే నేను..." అని దరోగా రెడ్డితో మొదలుపెట్టాడు.

జలీల్ షా అప్పటికే లోటా ముంచాడు. కర్ర ఊతంతో లేచి, ఓబన్న ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"చేతులు కట్టి ఉంటే ఎలా తాగుతాడు?" అన్నాడు ఎవరినీ చూడకుండా.

ఎవరూ కదల్లేదు. ముసలాయనే లోటా కింద పెట్టి, కట్టు విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగుసుకుపోయింది. ఆయన వణికే వేళ్లతో దాన్ని లాగుతూ, జారిపోతే మళ్లీ పట్టుకుంటూ ఉన్నాడు. ఎంతసేపైందో. దరోగా అన్న సగం మాట గాలిలో అలాగే ఉండిపోయింది.

కట్టు ఊడింది. గురువు లోటా అందించాడు. ఓబన్న దాన్ని తాకలేదు. అలవాటు చొప్పున వంగి, దోసిలి పట్టాడు. జలీల్ షా ధారగా పోశాడు.

నీళ్లు చేతిలో పడగానే ఓబన్న ఒళ్లు జలదరించింది. పళ్లు బిగపట్టి, దోసిలి మాత్రం విప్పకుండా, తలవంచి తాగాడు. చాలా దాహంతో ఉన్నాడు. దోసిట్లోంచి కారిన నీళ్లు ముంజేతుల మీదుగా మోచేతులకు దిగి, చుక్కలు చుక్కలుగా వసారా బండమీద పడుతున్నాయి. పడుతున్న నీళ్లు తెల్లగా లేవు, ఎర్రగా ఉన్నాయి.

ఇనాయతుల్లా ఆ చుక్కలు చూశాడు. వాటివెంట మోచేతులు, ముంజేతులు చూశాడు. అరచేతుల దాకా వెళ్లాయి అతని కళ్లు. అవి చీరుకుపోయి ఉన్నాయి. వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, ఎక్కడ చూసినా గీతలే. కొన్నిట్లో విరిగిన ముళ్లు ఇంకా నల్లగా కనిపిస్తున్నాయి.

లోటా ఖాళీ అయింది. గురువు మళ్లీ ముంచి పోశాడు. ఓబన్న మళ్లీ తాగాడు. వసారాలో అంతమంది ఉన్నా గుటక చప్పుడు ఒక్కటే వినబడుతోంది. తను చెప్పదలచిన మాట ఇనాయతుల్లా నాలుక మీద లేదు. ఎప్పుడు పోయిందో అతనికి తెలియలేదు. శ్వాస లోపలికి వచ్చింది, బయటికి వెళ్లింది. ఎదురుగా ఒక మనిషి నీళ్లు తాగుతున్నాడు.

ఓబన్న నిటారుగా నిలబడి, మోచేత్తో మూతి తుడుచుకున్నాడు.

"ఆ చేతులకేమైంది?" అని అడిగాడు దరోగా.

"తుమ్మకంప గీసుకుంది దొరా."

"కంపతో నీకేం పని?"

"గండిలో వేశాను. రాళ్లు వేస్తే నిలవలేదు, నీళ్లు లాక్కుపోయాయి. కంప కొట్టుకొచ్చి తొక్కి, పైన మట్టి వేస్తే కాస్త నిలబడింది. మిగతాది పూడుస్తుంటే వీళ్లొచ్చారు."

చిన్నపరెడ్డి ముందుకు వచ్చాడు. నీళ్లు పోయింది నీ మడిలోకే కదరా అన్నాడు.

"నా మడిలోకే వచ్చాయి రెడ్డిగారూ" అన్నాడు ఓబన్న. "ఇసుక మేట వేసిపోయాయి. పైరు సగం దానికిందే ఉంది."

రెడ్డి తన మనుషుల వైపు చూశాడు. వాళ్లు నేలచూపులు చూశారు.

ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు దరోగా. చెప్పానని, పట్టుకున్నవాళ్లు వినలేదని ఓబన్న అన్నాడు. తర్వాత అదేదో తనవల్ల జరిగిన తప్పులాగా, మెల్లగా అన్నాడు.

"మొన్న పున్నానికి ముందు కూడా వచ్చి చెప్పాను దొరా. గట్టుకు ఎండ్రకాయల బొక్కలు పడ్డాయి, నీళ్లు ఊరుతున్నాయి అని. తమరు పనిలో ఉన్నారు."

అందులో నిష్ఠూరం లేదు. పనిలో ఉన్న మాట నిజమే కాబట్టి అన్నాడు, అంతే.

ఇనాయతుల్లా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. పున్నమికి ముందు అంటే గుట్టకు వెళ్లక మునుపు. ఇదే వసారాలో, ఇక్కడే, ఈ మనిషి నిలబడి ఉంటాడు. ఏదో చెప్పబోయి ఉంటాడు. తనేమో, వంతు కోసమే కదా, సరేలే, వెళ్లు అని ఉంటాడు. ఎంత తలుచుకున్నా ఆ ముఖం గుర్తుకు రాలేదు. అసలు చూసి ఉంటే కదా.

అతను లేచాడు. చెప్పులు తొడుక్కుని, ఓబన్నను వెంటబెట్టుకుని కాలువ గట్టుకు నడిచాడు. జనం వెనకే వచ్చారు. గండి ఓబన్న చెప్పినట్టే ఉంది. అడుగున తొక్కిన కంప, దానిమీద మట్టి. చుట్టూ గట్టు పొడుగునా ఎండ్రకాయల బొక్కలు. కంపే గనక పడకపోతే ఇంకాసేపట్లో గట్టంతా కోసుకుపోయేది, దిగువ పైరంతా పోయేది. దరోగా అక్కడే నిలబడి మనుషుల్ని పురమాయించాడు. మధ్యాహ్నానికి చిన్నపరెడ్డి రెండెడ్ల బండిమీద రాళ్లు పంపాడు. తను మాత్రం రాలేదు. సాయంత్రానికి గట్టు గట్టిపడింది.

ఓబన్న పైరు మీది ఇసుక మాత్రం అలాగే ఉంది. దాన్ని పారతో ఎత్తిపోస్తే కిందనున్న పైరు బతుకుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఓబన్న మడిలోకి దిగి, చేతులతోనే ఇసుక తోసి, ఒక దుబ్బు బయటికి తీసి చూశాడు. దరోగా గట్టుమీద నిలబడి చూశాడు. తర్వాత పంచె ఎగ్గట్టి తనూ మడిలోకి దిగాడు.

పొద్దు వాలుతుండగా అతను ఇంటికి వచ్చాడు. కాళ్లకు బురద ఎండిపోయి ఉంది. దారిలో అతను గురువుకు చెప్పవలసిన మాటలన్నీ పేర్చుకున్నాడు. తను చేసిన తప్పు చెప్పాలి. ఆ మనిషి ముఖం గుర్తుకు రాని సంగతి చెప్పాలి. ఇంకెంతమంది ముఖాలు అలా పోయాయో అని భయంగా ఉందని చెప్పాలి. ఇంకొన్నాళ్లు ఉండమని బతిమాలాలి.

వసారాలో జలీల్ షా కంబళి దులుపుకుని భుజాన వేసుకుంటున్నాడు. చేతికర్ర గోడకు ఆనించి ఉంది. చల్లపూట నడిస్తే హాయని, తెల్లారేసరికి గుట్ట చేరిపోవచ్చని ఆయన రుకియాబీకి చెబుతున్నాడు. ఆమె దారికి రొట్టెలు మూటగట్టి తెచ్చింది.

"హజ్రత్" అన్నాడు ఇనాయతుల్లా.

జలీల్ షా అతని వైపు చూశాడు. కుండ దగ్గరికి వెళ్లి, వంగి, అడుగునున్న నీళ్లు లోటాలోకి ముంచాడు. ఎప్పటిలాగే కొన్ని ఒలికిపోయాయి. తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టాడు.

ఇన్నిరోజుల్లో దరోగాకు ఎవరూ నీళ్లివ్వలేదు. అతనికి ఎంత దాహంగా ఉందో లోటా అంచు పెదవికి తగిలాక గాని తెలియలేదు. తాగాడు. నీళ్లు మట్టివాసన వేస్తున్నాయి, చల్లగా ఉన్నాయి. గొంతులోంచి దిగడం, రొమ్ములో చల్లగా పరుచుకోవడం తెలుస్తోంది. గురువు ఎదురుగా నిలబడి ఉన్నాడు. బయలుదేరాల్సినవాడే, అయినా ఆయన ఎక్కడికీ వెళ్లేవాడిలా లేడు. వీధిలో ఎవరో పశువుల్ని తోలుకుపోతున్నారు. రుకియాబీ గుమ్మం పట్టుకుని ఊరికే నిలబడి ఉంది.

చివరి చుక్క దాకా తాగి ఇనాయతుల్లా లోటా దించాడు.

జలీల్ షా ఎదురుచూశాడు. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ శిష్యుడి నోటికి రాలేదు. వెతుక్కోనూ లేదు.

గురువు కర్ర అందుకుని మెట్లు దిగాడు. కింది మెట్టు మీద ఆగి, ఆకాశం వైపు ఒకసారి చూశాడు.

"ఎండలు ఇంకా ముదురుతాయి, ఇనాయత్" అన్నాడు. "ఇంకాస్త పెద్ద కుండ చూడు."